వంతెన మీద పోయిన పద్మ ఎవరి లెక్క?

ఈ మధ్య మా వీధిలో ఒక డాక్టరమ్మాయికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు వచ్చింది. పూతరేకుల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీరు సర్వీసంతా పీహెచ్‌సీల్లోనే చేశారు కదా, నాకేమైనా చెప్పండి" అంది. "ముందు నువ్వు చెప్పు, మాతృ మరణం అంటే ఏంటి?" అన్నాను. పాపం, నేను పరీక్ష పెడతానని అనుకోలేదు. "కాన్పు అవుతుండగా తల్లి చనిపోవడం మేడమ్" అంది. పూతరేకులు తెచ్చిన పిల్లని తిట్టడం మర్యాద కాదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఆ అమ్మాయి వెళ్లాక, అలాంటి కొత్త డాక్టర్ల కోసం ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు ఏ సంవత్సరం ఏ ప్రమోషను వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. తొంభైల్లో పాలకొల్లు వైపు ఒక పీహెచ్‌సీలో చేరాను. రెండు వేలు దాటాక కూడా ఆ చుట్టుపక్కల కాలవల వెంబడే తిరిగాను. జ్వరాలు, విరేచనాలు, ఆపరేషన్ల టార్గెట్లు, మీటింగుల్లో చల్లారిన ఉప్మా, అన్నీ చూశాను. మొత్తం మీద నా ఉద్యోగం నాకు నచ్చింది. సంతోషంగానే దిగిపోయాను. కానీ అందులో అసలైన పని ఏదని అడిగితే, చనిపోయిన ఆడవాళ్లని లెక్కపెట్టడం అంటాను. వినడానికి బాగుండదని తెలుసు. అయినా అదే నిజం.

లెక్కకి వచ్చేది, రానిది

నిర్వచనం పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంటుంది, కానీ ఊపిరి తీసుకోకుండా చదవాలి. అందుకని విడదీసి చెబుతాను. ఒక స్త్రీ గర్భంతో ఉండగా గానీ, ఆ గర్భం ముగిసిన నలభై రెండు రోజుల లోపు గానీ చనిపోయిందనుకోండి. ఆ చావుకి గర్భమో, గర్భానికి చేసిన వైద్యమో కారణమైతే అది మాతృ మరణం. గర్భం ముగియడమంటే కాన్పే కానక్కర్లేదు, అబార్షను కూడా. ఎన్నో నెలైనా ఒకటే. ఇంట్లో పోయిందా, ఆసుపత్రిలో పోయిందా, దారిలో పోయిందా అన్నది కూడా చూడకూడదు. ముందునుంచీ ఉన్న జబ్బు గర్భం వల్ల ముదిరి ప్రాణం తీసినా లెక్కలోకే వస్తుంది. గర్భంతో సంబంధం లేకుండా ప్రమాదవశాత్తూ పోతే మాత్రం రాదు.

ఇది రాసినవాళ్లు ఏ దేశంలో కూర్చుని రాశారో గానీ, మా వైపు సంసారాలన్నీ తెలిసి రాసినట్టే ఉంటుంది. మా వైపు మూడో నెల నిండేదాకా కడుపు సంగతి పక్కింటికి కూడా చెప్పరు. దిష్టి తగులుతుందని భయం. అందువల్ల గర్భం ట్యూబులో నిలిచి, అది పగిలి చనిపోయిన అమ్మాయిని "కడుపునొప్పితో పోయింది" అంటారు. అబద్ధం కాదు, కడుపునొప్పే. కానీ ఆ మాట దగ్గర ఆగిపోతే ఆ అమ్మాయి గర్భవతి అన్న సంగతి ఆమెతోనే పోతుంది. పచ్చకామెర్లూ అంతే. మామూలు మనిషి తట్టుకునే కామెర్లు గర్భిణిని తీసుకుపోతాయి. ఊరు కామెర్లంటుంది, పసరు పోసినవాడు కామెర్లంటాడు, మనమూ అదే రాసి చేతులు దులుపుకుంటాం.

అలాగని దొరికినవన్నీ వేసెయ్యకూడదు. మా తర్వాత చేరిన ఒక కుర్ర డాక్టరు శిక్షణకి వెళ్లొచ్చిన ఉత్సాహంలో, ఊడ్పుల్లో పాము కరిచి పోయిన నిండు గర్భిణిని కూడా మాతృ మరణంగా రాశాడు. "కడుపుతో ఉందని పాముకి తెలుసా నాయనా?" అని అడిగితే సిగ్గుపడి కొట్టేశాడు. మంచి పిల్లాడు. తక్కువ రాసేవాళ్ల కంటే ఎక్కువ రాసేవాళ్లని దిద్దడం తేలిక.

మెచ్చుకోలు

మా పై ఆఫీసరు ఒకాయన ఉండేవారు. చెడ్డమనిషి కాదు. చేతి కింద పనిచేసే ఆడవాళ్లతో మర్యాదగా మాట్లాడేవారు, సెలవు అడిగితే ఇచ్చేవారు. కానీ నెలవారీ సమావేశంలో మాతృ మరణాల దగ్గరికి వచ్చేసరికి, "నిల్" అన్న డాక్టర్లకి తలూపేవారు, "ఒకటి" అన్నవాళ్లని నిలబెట్టేవారు. ఎందుకు పోయిందని అడగడానికి కాదు, ఎందుకు పోనిచ్చారని అడగడానికి. దాంతో ఏం జరుగుతుందో మీరే ఊహించండి. నర్సులు చావు కబురు తెలిసినా చెవిన పడనట్టు ఉండేవారు. సస్పెండు చేస్తారని భయం.

ఒక పీహెచ్‌సీ పరిధిలో ఏడాదికి జరిగే కాన్పులు కొన్ని వందలు. మాతృ మరణాల నిష్పత్తిని లక్ష సజీవ జననాలకి లెక్కగడతారు. అంటే చిన్న చోట ఒక ఏడాది ఎవరూ పోకపోవడం డాక్టరు గొప్పతనమూ కాదు, ఒకరు పోవడం డాక్టరు చేతకానితనమూ కాదు. జిల్లాకో రాష్ట్రానికో ఆ అంకె పనికొస్తుంది. మనలాంటివాళ్లకి పనికొచ్చేది అంకె కాదు, ఆ ఒక్క చావు వెనక ఏం జరిగిందన్నది. ఈ ముక్క ఆయనకి మర్యాదగా రెండుసార్లు చెప్పాను. మూడోసారి అంత మర్యాదగా చెప్పలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

పద్మ

మా పీహెచ్‌సీ కింద ఒక ఊళ్లో అనసూయమ్మ గారని ఉండేది. కొబ్బరితోట, కొంచెం వరిపొలం, ఇద్దరు కొడుకులు. కొవ్వూరు దగ్గరి పల్లెలో వెంకటరత్నమ్మ గారి ఇద్దరు కూతుళ్లని ఇద్దరు కొడుకులకీ చేసుకుంది. పెద్దమ్మాయి పద్మ, చిన్నమ్మాయి సుజాత. అక్కచెల్లెళ్లే తోడికోడళ్లు కావడంతో ఆ ఇంట్లో ఎప్పుడూ నవ్వులు వినిపించేవని మా నర్సు వరలక్ష్మి చెప్పేది.

పద్మకి తొలి గర్భం. పరీక్షలన్నీ మా దగ్గరే చేయించుకుంది. ఏడో నెల రాగానే తల్లి వచ్చి పుట్టింటికి తీసుకెళ్లింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి, అందులో మాకెవరికీ రెండో మాట లేదు. అక్కడే మగపిల్లాడు పుట్టాడు. కాన్పు బాగానే జరిగిందని కబురొచ్చింది, అనసూయమ్మ గారు మా నర్సుకి కూడా స్వీట్లు పంచింది. వారం తిరక్కుండా ఇంకో కబురొచ్చింది. పద్మకి ఫిట్సు వచ్చాయనీ, కారులో రాజమండ్రి తీసుకెళుతుంటే గోదావరి వంతెన మీదే ప్రాణం పోయిందనీ.

నేను పలకరింపుకి వెళ్లేసరికి అనసూయమ్మ గారు ఏడవడం లేదు, మండిపడుతోంది.

"మూర్ఛ రోగం ఉన్న పిల్లని దాచిపెట్టి మాకు అంటగట్టారండి. ఒక్కదాన్ని కాదు, ఇద్దరినీ ఇచ్చారు. రేపు దీనికీ వస్తుంది. ఆ పసివాడికీ ఉంటుంది. వాణ్ణి మా గడప తొక్కనివ్వను. ఈ కాన్పు కాగానే దీన్నీ పంపించేస్తాను."

"దీన్నీ" అన్నది గుమ్మం పక్కన నిలబడ్డ సుజాతని. అక్క కోసం ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. మూడో నెల అని వరలక్ష్మి నా చెవిలో చెప్పింది. ఒకపక్క అక్క పోయింది, ఇంకోపక్క అమ్మతో మాట్లాడొద్దన్నారు, పైగా కడుపులో బిడ్డ.

అప్పటికే నాకు ఒక అనుమానం. బాలింతకి ఫిట్సు వస్తే మొదట అనుమానించాల్సింది మూర్ఛని కాదు, గుర్రపు వాతాన్ని. గర్భం వల్ల బీపీ పెరిగి వచ్చే ఫిట్సు అవి. కాన్పుతోనే ఆ ప్రమాదం తీరిపోదు, కాన్పయిన తర్వాత కూడా రావచ్చు. అక్కకి వస్తే చెల్లెలికి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. అంటే పద్మ ఎందుకు పోయిందో తేల్చడం మీద సుజాత ప్రాణం ఆధారపడి ఉంది. ఆ ఇంట్లో చోటు సంగతి సరేసరి.

సగం వంతెన

ఆ నెల సమావేశంలో కొవ్వూరు వైపు డాక్టరు మూర్తి గారిని పట్టుకున్నాను. సరదా మనిషి. పద్మ గురించి అడగ్గానే చేతులెత్తేశారు.

"ఆ అమ్మాయి మీ మనిషండి. మీ దగ్గర పేరు రాయించుకుంది. మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చింది."

"చుట్టపుచూపుగా వచ్చి పిల్లాణ్ణి కని పోయిందంటారా?"

"మా ఊళ్లో పోలేదు కదండి. వంతెన మీద పోయింది. అందులో సగం అవతలి జిల్లాది. ఏ సగంలో పోయిందో మీరే తేల్చండి."

అందరూ నవ్వారు. ఆయన్నని ఏం లాభం, పద్ధతే అలా ఉంది. పుట్టింటికి వెళ్లిన గర్భిణి అత్తారి ఊరి నర్సుకి "వెళ్లిపోయిన మనిషి". పుట్టింటి ఊరి నర్సుకి "వచ్చిపోయే మనిషి". తొలికాన్పంటే ఎంత ప్రమాదమో మనకి తెలుసు. సరిగ్గా ఆ సమయంలోనే మన ఆచారం ఆ పిల్లని ఇద్దరి చేతుల్లోంచీ జార్చేస్తుంది. సరిహద్దు గట్టు మీద కొబ్బరిచెట్టు కాయలు దింపుకోవడానికి ఇద్దరు రైతులూ వస్తారు, అది ఎవరి పాక మీదో పడితే మాత్రం నాది కాదంటారు. మేమూ అంతే.

ఆఫీసరు గారు పంచాయతీ తేల్చేశారు. "ఫిట్సు అంటున్నారు కదమ్మా. మూర్ఛకీ కాన్పుకీ సంబంధం ఏంటి? వదిలెయ్యండి."

"ఆ అమ్మాయికి మూర్ఛ ఉందని ఎవరు చూశారండి? మేం చూడలేదు, మూర్తి గారు చూడలేదు. అత్తగారు అంటోంది. అత్తగారి రోగనిర్ధారణ మీద ఆధారపడేటట్టయితే మనందరికీ జీతాలెందుకండి?" అన్నాను.

అంత మాట అనకూడదు, కానీ అన్నందుకు ఈనాటికీ చింత లేదు. చివరికి ఆఫీసరు గారు, "మీ ఖర్మ, వెళ్లి కనుక్కోండి" అన్నారు. బయటికి వచ్చాక మూర్తి గారే, "రేపు మా ఊరు రండి, నేనూ వస్తాను" అన్నారు. అందుకే ఆయన మీద నాకు కోపం నిలవలేదు.

చెవిలో దూది

వెంకటరత్నమ్మ గారు పసివాణ్ణి ఒళ్లో వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే, "మా పిల్లకి మూర్ఛ లేదండి. పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి కూడా రాలేదండి. మీరు కూడా అదే అడగడానికొస్తే వెళ్లిపోండి" అంది.

"అది అడగడానికి రాలేదమ్మా. పోయే ముందు రెండు మూడు రోజులు ఎలా ఉందో చెప్పండి, చాలు."

ఇలాంటి ఇళ్లకి వెళ్లినప్పుడు ప్రశ్నల కాగితం సంచీలోనే ఉంచండి. "ఎలా ఉండేదో చెప్పండి" అని నోరు మూసుకుని కూర్చోండి. తల్లి అన్నీ చెబుతుంది. ఆవిడా చెప్పింది. కాళ్లవాపు తొమ్మిదో నెలనుంచే ఉందట, కడుపుతో ఉన్నవాళ్లకి మామూలే అనుకున్నారు. కాన్పయ్యాక తలనొప్పి అంది.

"చెవుల్లో దూది తీసేసిందండి, ఉక్కగా ఉందని. అందుకే గాలి చొరబడి తలనొప్పి వచ్చిందని మళ్లీ దూది పెట్టి, తలకి గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేశామండి. తగ్గలేదు. మర్నాడు, 'అమ్మా, నువ్వు రెండుగా కనిపిస్తున్నావే' అంది. పచ్చి ఒళ్లు కదా, నీరసం అనుకున్నామండి."

"ఎవరైనా బీపీ చూశారా అమ్మా?"

"నర్సమ్మ వచ్చిందండి. పిల్లాణ్ణి తూచింది, బొడ్డు చూసింది. బాగున్నాడంది."

మూర్తి గారు తల దించుకున్నారు. ఆ నర్సు పని ఎగ్గొట్టలేదు. మేమందరం అలాగే నేర్పాం, అలాగే నేర్చుకున్నాం. కాన్పు కాగానే అందరి చూపూ బిడ్డ మీదికి వెళ్లిపోతుంది. అప్పటిదాకా నెలనెలా పరీక్షలు చేసిన తల్లిని పత్యానికీ పొగకీ వదిలేస్తాం. నలభై రెండు రోజులని నిర్వచనంలో ఊరికే పెట్టలేదు.

తలనొప్పి, చూపు చెదరడం, కాళ్లవాపు, ఆ తర్వాత ఫిట్సు. ఇంకేం కావాలి. "మీ అమ్మాయికి మూర్ఛ లేదమ్మా. ఇది కాన్పు తెచ్చిన జబ్బు" అని చెప్పాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. కూతురు పోయినందుకే కాదు, కూతుర్ని రోగిష్టిదన్నందుకు కూడా అప్పటిదాకా దాచుకున్న ఏడుపు అది.

తిరిగొస్తూ మూర్తి గారు, "నేను రాస్తానండి" అన్నారు. "వద్దు, నేనే రాస్తాను, మా ఊరి కోడలు" అన్నాను. అంతకుముందు నాది కాదంటే నాది కాదని పోట్లాడుకున్నవాళ్లం, ఇప్పుడు నాదంటే నాదని పోట్లాడుకున్నాం. చివరికి నేనే గెలిచాను. తర్వాతి నెల సమావేశంలో నన్ను నిలబెట్టారు. నిలబడ్డాను. కాళ్లు నొప్పి పెట్టలేదు.

సుజాత

అనసూయమ్మ గారు నా మాట నమ్మలేదు. "మీ డాక్టర్లు దేనికైనా ఏదో ఒక పేరు పెడతారండి" అంది. సరే, నమ్మకపోయినా ఫర్వాలేదు, వారం వారం వరలక్ష్మిని ఇంటికొచ్చి బీపీ చూడనివ్వమన్నాను. "చూసుకోమనండి, నాదేం పోయింది" అంది. మీరూ ఇది గుర్తుపెట్టుకోండి. మనుషులు మనల్ని నమ్మాలని పట్టుబట్టకండి, చెయ్యి చాపనిస్తే చాలు.

ఎనిమిదో నెలలో బీపీ పెరగడం మొదలైంది. వాచిన కాళ్లు చూసి అనసూయమ్మ గారే మొదటిసారి నోరు తగ్గించి, "పెద్దదానికీ ఇలాగే ఉండేవా అండి?" అని అడిగింది. ఉండేవని చెప్పాను. పుట్టింటికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. నెలలు నిండకముందే ఆసుపత్రిలో చేర్పించి నొప్పులు రప్పించారు. ఆడపిల్ల, కాస్త చిన్నది, గట్టిగా ఏడ్చింది. ఇంటికి పంపేటప్పుడు అనసూయమ్మ గారిని కూర్చోబెట్టి చెప్పాను. చెవుల్లో దూది పెట్టుకోండి, పొగ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తలనొప్పి అందంటే దూది వెతక్కండి, బండి వెతకండి.

దూది ఎవర్నీ చంపదు. తలనొప్పికి దూదే మందనుకుంటేనే ప్రమాదం.

మూడు నాలుగు రోజులు గడిచాయి. పీహెచ్‌సీలో ఓపీ చూస్తుంటే గేటు ముందు ఆటో ఆగింది. ముందు అనసూయమ్మ గారు దిగింది, చెప్పులు కూడా లేవు. "తలనొప్పి అందండి. అంతే, తీసుకొచ్చేశానండి. తప్పయితే తిట్టండి" అంది. తప్పేంటి, చూస్తే బీపీ బాగా పెరిగిపోయి ఉంది. ఫిట్సు రాకుండా ఇంజెక్షను ఇచ్చి, నేనూ ఆటోలో ఎక్కి పాలకొల్లు ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా అనసూయమ్మ గారు సుజాత తల ఒళ్లో పెట్టుకుని, "కళ్లు తెరిచి ఉంచవే, నన్ను చూడవే" అంటూనే ఉంది. ఆ పిల్లకి ఫిట్సు రాలేదు. ఒక్కటి కూడా రాలేదు.

మర్నాడు పొద్దున్న నేను వార్డుకి వెళ్లేసరికి వెంకటరత్నమ్మ గారు కూడా ఉంది, చంకలో పద్మ కొడుకుతో. రమ్మని కబురు పెట్టింది అనసూయమ్మ గారే. ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

వెంకటరత్నమ్మ గారు నన్ను అడిగింది. "పెద్దదానికీ ఇదేనా అండి?"

"ఇదేనమ్మా."

"ఈ ఇంజెక్షను అప్పుడు కూడా ఉందా అండి?"

ఇలాంటప్పుడు అబద్ధం చెప్పాలని నోటిదాకా వస్తుంది. "ఉందమ్మా" అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. పిల్లాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది.

అనసూయమ్మ గారు మంచం చుట్టూ తిరిగి ఆవిడ దగ్గరికి వచ్చింది. "వదినగారూ, నేను కానిమాట అన్నానండి. ఊరంతా చెప్పాను. పద్మకి మూర్ఛ లేదు. అది కూడా ఊరంతా నేనే చెబుతాను" అంది.

సుజాత మంచం మీంచి చెయ్యి చాపింది. "అమ్మా, అక్క కొడుకుని నా పక్కన పడుకోబెట్టవే. ఇప్పటిదాకా వాణ్ణి చూడనేలేదు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. వెంకటరత్నమ్మ గారు ఒక్క క్షణం వియ్యపురాలి వైపు చూసింది. అనసూయమ్మ గారు మంచం మీదున్న గుడ్డల సంచీ తీసి కింద పెట్టి, పసిపాపని కొంచెం పక్కకి జరిపి, మనవడికి చోటు చేసింది.